మఱపా, ఋణమా?

బేతంచెర్ల ప్రాంతమున మద్దిలేటి యను పేరు వినబడని వీథి యుండదు. ఊరికి సమీపమున నున్న మద్దిలేటి నరసింహస్వామికి మ్రొక్కుకొని కన్న బిడ్డలకు ఆ పేరు పెట్టుట యిచ్చటి వాడుక. పుల్లయ్య, పెంటయ్య యను పేరులును తెలుగుదేశమున గొల్లలు. పుట్టిన బిడ్డలు నిలువని యింట మఱల శిశువు జన్మించినచో, ఆ శిశువును భుజించి పాఱవైచిన విస్తరాకులమీదనో పెంటకుప్పమీదనో ఒక్క నిమిషము పరుండబెట్టి, ఇది మాకు అక్కఱలేని వస్తువు అని మృత్యువును భ్రమపెట్టి, తరువాత నెత్తుకొని యింటికి దెచ్చుకొనెడి యాచారమునుండి పుట్టిన పేరులవి. చదువుకొన్నవారమగు మనము ఈ పేరులను విని నవ్వుదుము. నేనును నవ్వినవాడనే. కాని యా పేరునకు వెనుక నొక చిన్న సమాధి యున్నదనియు, తల్లి యొకతె యా సమాధిని జూచుచునే యీ తొట్టెలను గట్టినదనియు దలచినప్పుడు నవ్వు నిలువదు. ఆ మూఢవిశ్వాసమును ఖండింపవచ్చును, ఖండింపవలయును. అయినను దానిలోని ప్రశ్న యట్లే యుండును. పోయినవారి తరువాత కుటుంబమును మఱల నెత్తుట యనగా పోయినవారిని మఱచుటయా? క్రొత్త సంతోషమునకు లోబడినవాడు పాతప్రేమకు ద్రోహియా?

ఈ ప్రశ్నను యూదులు తమ ధర్మగ్రంథములోని ఆదికాండమున నొక చిన్నఘట్టమునుబట్టి రెండువేల యేండ్లుగా విచారించుచున్నారు. వారి విచారము మనకును బనికివచ్చును గనుక దానిని ఇచ్చట వివరించెదను.

కథ చదువరులు ఎఱుగనిది కాదు. పదునేడేండ్ల బాలుడగు యోసేపును సోదరులు అసూయచే నొక గోతిలో బడద్రోసి, పిమ్మట బానిసగా నమ్మివేసిరి. ఐగుప్తుదేశమున దాస్యమును, చెఱసాలయు ననుభవించి ముప్పదియవ యేట నతడు ఫరో మ్రోల నిలిచి యా దేశమునకే మంత్రి యయ్యెను. ఏడు సమృద్ధి సంవత్సరములు. ఆపైని ఏడు కఱవు సంవత్సరములు. ఆ సమృద్ధికాలమున, కఱవు రాకమునుపే, అతనికి ఆసెనతు అను భార్యయందు ఇద్దఱు కుమారులు జన్మించిరి. మొదటివానికి మనష్షే యని పేరిడెను; దేవుడు నా కష్టమును, నా తండ్రియింటినంతటిని నేను మఱచునట్లు చేసెనని దానికి గారణము చెప్పెను. రెండవవానికి ఎఫ్రాయిమని పేరిడెను. నా శ్రమలదేశమున దేవుడు నన్ను ఫలింపజేసెనని దాని భావము. 41వ అధ్యాయమున 50 మొదలు 52 వఱకు గల మూడు వాక్యములలో ఇంతయు ముగిసినది.

కఱవు రాకమునుపే యను మాటను గ్రంథకర్త యేల వ్రాసెను? తల్ముదులోని తానీత్ అను ఉపవాసప్రకరణమున రేష్ లకీషు అను పండితుడు దీనిని బట్టుకొనెను. దేశము కఱవున నుండగా దాంపత్యసుఖము ననుభవింపరాదని అతడు దీనినుండి విధి నేర్పఱచెను. సంతానము లేనివారికి మాత్రము మినహాయింపు కలదు. ఆ పుటలోనే మఱియొక మాటయు గలదు. సంఘమంతయు నాపదలో నుండగా, నేను నా యింటికి బోయి తిని త్రాగి సుఖముగా నుందునని యెవ్వడును తలపరాదట. అట్లు వేఱుపడినవాడు సంఘమునకు గలుగు ఓదార్పును జూడడట. దీనికి మోషేను దృష్టాంతముగా జూపుదురు. యుద్ధదినమున నతడు కూర్చుండుటకు మెత్తని దిండు దొరకక కాదు, ప్రజలు బాధలో నుండగా నాకు దిండెందులకని ఱాతిమీద గూర్చుండెనని వారు చెప్పుదురు. నాపఱాళ్లతో నిండ్లును అరుగులును గట్టుకొను బేతంచెర్లవారికి ఱాతిమీద గూర్చుండుట వింత గాకపోవచ్చును. దిండుండియు గూర్చుండుట వింత.

ఈ విధిని చదివినప్పుడు నా మనస్సు తిన్నగా మన సీమ కఱవుమీదికి బోయినది. 1876 మొదలు 1878 వఱకు చెన్నపట్టణపు రాజధానిని పీడించిన మహాక్షామమును మనవారు ధాత కఱవందురు. ఆ యేడు ధాత నామసంవత్సరము. నేటి నంద్యాలజిల్లా యప్పుడు కర్నూలుజిల్లాలోనిది. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ ఆ జిల్లా ప్రజలలో సుమారు నాలుగవవంతు తగ్గిపోయిరి. నాలుగవవంతు అను మాటను వ్రాయుట సులభము. నలుగురున్న యింట నొక్కడు లేడని చదువుకొనవలయును; అదియు సరిగాదు, కొన్ని యిండ్లలో ఎవరును పోలేదు, కొన్ని యిండ్లలో ఎవరును మిగులలేదు. ఆ కాలమున సర్కారువారి పనులలో బండలు మోయు కూలివానికి, సర్ రిచర్డు టెంపులు విధించిన కొలత చొప్పున, దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు మాత్రమే లభించెడివి. ఇది ప్రాణము నిలుపుటకు జాలదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి కార్నిషుదొర గట్టిగా వాదించెను.

ఆ సంవత్సరములలో రాజధానియందు మరణములు పెరుగుటయే కాదు, జననములును మిక్కిలి తగ్గెను. క్షామము తీరిన పిమ్మట అవి మఱల నెగసెను. కఱవు వచ్చిన దేశములన్నిటను ఇదియే క్రమమని జనసంఖ్యాశాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. ఆకలిగొన్న శరీరము తానే నిరాకరించును. కావున రేష్ లకీషు విధి యెవరిని గూర్చినది? గంజికేంద్రము వాకిట బడియున్న దంపతులను గూర్చినది కానేరదు. వారికి విధింపవలసిన పని లేదు. ఆ విధి కొట్టుతాళపుచెవి చేతనున్నవానిని గూర్చినది. యోసేపు కంటె నిండిన కొట్టు గలవాడు ఆనాడు భూమిమీద లేడు. అట్టివాడు, ఊరు పస్తుండగా నా యింట పాయసమేల యని సంకోచించెనని చూపుటయే పండితుని యుద్దేశమని నాకు దోచుచున్నది. తల్ముదునకు వ్యాఖ్య వ్రాసిన తోసాఫో పండితులు ఈ విధిని మఱికొంత సడలించిరి. లేవి కుమార్తె యగు యోకెబెదు, ఐగుప్తు ప్రవేశించునప్పుడే పుట్టినదని ప్రతీతి. అనగా కఱవులోనే గర్భస్థురాలైనది. లేవి ఎట్లు తప్పు చేసెను? తప్పు చేయలేదు, ఇది అందఱకు విధి కాదు, ధర్మమున నొక మెట్టు పైకి బోదలచినవారు తమంతట బూనెడి నియమము అని వారి సమాధానము. ఆ యోకెబెదే మోషే తల్లి. కఱవుగర్భమునుండియే విమోచకుని తల్లి పుట్టినదని వారే యొప్పుకొనిరన్నమాట.

మన సీమలోనే కొట్టుతలుపు తెఱచినవాడొకడు కలడు. ఆళ్లగడ్డ సమీపముననున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 నాటి కఱవులో తన గాదెలను విప్పి వచ్చినవారి కెల్ల నన్నము పెట్టెను. ఆయన పేరును బాడుకొను పాట లిప్పటికిని గలవు. యోసేపు మాట యట్లు గాదు. అతడు ధాన్యమును దాచి జనులను బ్రతికించెను, నిజమే. కాని దానికి బ్రతిగా వారి సొమ్మును, పశువులను, తుదకు భూములను ఫరో పరము చేసెనని యదే గ్రంథము 47వ అధ్యాయమున దాచకుండ చెప్పుచున్నది. ఈ రెండు దానములలో నేది గొప్పదో మన పల్లెలలో నెవ్వరి నడిగినను చెప్పగలరు.

ఇంతకును ముఖ్యప్రశ్న మఱపును గూర్చినది. తండ్రియింటిని మఱపించెనని దేవునికి స్తోత్రము చేయు కుమారుడు ఎట్టివాడు? ఆ తండ్రి యాకోబు అచ్చట కనానున రక్తమయమైన యంగీని ఒడిలో బెట్టుకొని యేడ్చుచున్నాడు. ఆయన ఓదార్పు నొందనొల్లడయ్యెనని గ్రంథము. ఇందులకు పదునొకండవ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి పూర్వుల మిద్రాషునుండి యొక యాశ్చర్యకరమగు కారణమును జెప్పెను. మృతులు క్రమముగా హృదయమునుండి తొలగుదురుగాక యని దేవుడు శాసించెనట. పండ్రెండు మాసములలో నా శాసనము ఫలించును. కాని యది మృతులను గూర్చిన శాసనము గాని బ్రతికియున్నవారిని గూర్చినది కాదు. యోసేపు జీవించియే యున్నాడు గనుక తండ్రికి ఓదార్పు రాలేదు. పుత్రుడు చనిపోయెనని యాకోబు బుద్ధి నమ్మినది, హృదయము నమ్మలేదు. కఱవులో కూలికి బోయి తిరిగి రాని మగనికొఱకు ఏండ్లతరబడి వాకిలి తీసియుంచిన స్త్రీల కథలు విన్నవారికి, శవమును జూడని దుఃఖము చల్లాఱదను మాట వ్యాఖ్యానమువలె దోపదు.

తండ్రి మఱవలేకున్నాడు, కొడుకు మఱచితినని చెప్పుచున్నాడు. రాంబాన్ అని ప్రసిద్ధుడగు పదుమూడవ శతాబ్దపు నహ్మానిదు దీనిని సూటిగా నడిగెను. హెబ్రోనునుండి ఐగుప్తునకు ఆఱుదినముల ప్రయాణమే కదా, యోసేపు తండ్రికి ఒక్క జాబైన నేల వ్రాయలేదు? తన స్వప్నములు నెఱవేఱుటకై వేచియుండెనని యాయన సమాధానము చెప్పుకొనెను. నాకీ సమాధానము నచ్చలేదు. స్వప్నముకొఱకు తండ్రి నేడ్పించుట యెట్లు ధర్మమగును? తల్ముదుకర్తలు వేఱొక లెక్క వేసిరి. యోసేపు తండ్రికి దూరముగా నుండినది ఇరువదిరెండేండ్లు. యాకోబు తన యౌవనమున తలిదండ్రులకు దూరముగా నుండి సేవింపకుండినదియు ఇరువదిరెండేండ్లే. ఇంటిని విడిచినవాని యింటిని విడిచిన కొడుకు. ఇది సమర్థనము కాదు, లెక్క మాత్రమే.

వీరందఱికంటెను నన్ను ఆకర్షించినవాడు జర్మనీదేశమున ఫ్రాంకుఫర్టు నగరమున యూదసంఘమునకు గురువుగా నుండిన సాంసన్ రఫాయేలు హిర్షు. 1867లో, అనగా ధాత కఱవునకు తొమ్మిదేండ్లు ముందు, ఆయన యాదికాండవ్యాఖ్య ప్రచురింపబడినది. యోసేపువంటివాడు తండ్రిని మఱచితినని సంతోషించెననుట ఆయనకు సహింపరానిదయ్యెను. మనష్షే యను పేరునకు మూలమైన హీబ్రూధాతువునకు మఱచుట యను నర్థమేగాక ఋణదాత యను పదముతోడి సంబంధమును గలదు. కావున, దేవుడు నా కష్టమును, నా తండ్రియింటిని నాకు ఋణదాతలుగా జేసెను, నేను వానికి బాకీపడియున్నాను, అని యోసేపు భావమని హిర్షు వ్యాఖ్యానించెను. ఆ గోయి లేకున్న ఐగుప్తు లేదు. ఆ దాస్యము లేకున్న ఈ బిడ్డ లేడు.

ఋణమను మాట విన్నంతనే తైత్తిరీయసంహితలోని ఋణత్రయము మనకు స్ఫురింపకపోదు. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు ఋణపడియే పురుషుడు పుట్టునని, సంతానముచే పితృఋణము తీఱునని మనవారు చెప్పిరి. ఇచ్చట బిడ్డ యొక రసీదు. కన్నంతనే బాకీ చెల్లు. హిర్షు చెప్పినదానిలో బిడ్డ పుట్టినప్పుడే బాకీ తెలిసివచ్చును. ఆ పేరుతో పిలిచిన ప్రతిసారియు అది జ్ఞాపకమునకు వచ్చును. రెండింటిలో రెండవదే మానవహృదయమునకు సన్నిహితమని నా యభిప్రాయము. పెద్దబిడ్డను గోల్పోయిన తల్లి చిన్నబిడ్డను ఎత్తుకొన్నప్పుడు ఆమెకు ఋణము తీఱినట్లుండునా, గుర్తు వచ్చినట్లుండునా? ఏ తల్లినైన నడిగి చూడుడు. అయితే పదశాస్త్రమునుబట్టి హిర్షు యర్థముకంటె మఱపు అను నర్థమే సహజమని ఒప్పుకొనక తప్పదు. మఱచితినని చెప్పుటకే తండ్రియింటి పేరెత్తవలసివచ్చినవాడు నిజముగా మఱచినవాడు కాడని గ్రహించుటకు వ్యాకరణ మక్కఱలేదు. రెండవకుమారుని పేరును జూడుడు. అప్పటికి యోసేపు దేశాధిపతి. వేలికి ఫరో యుంగరము, మెడలో బంగారుహారము. అయినను ఐగుప్తునకు అతడు పెట్టిన పేరు నా శ్రమలదేశము.

ఇంక స్త్రీల మాట. నష్టము తరువాత కుటుంబమును మఱల గట్టుకొను హక్కు పురుషునికే యుండి స్త్రీకి లేనియెడల పై విచారమంతయు వ్యర్థము. మన దేశమున భార్య పోయినవానికి మాసికములు పూర్తికాకమునుపే పిల్లను జూచెడివారు. భర్త పోయిన బాలికకు మాత్రము జీవితాంతము చీకటికొట్టు. 1856లో పునర్వివాహశాసనము వచ్చినను, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించువఱకు ఆంధ్రదేశమున నది కాగితముమీద నుండెను. తల్ముదునందలి నియమములను దీనితో బోల్చి చూడుడు. భార్య మరణించినవాడు మూడు పండుగలు గడచువఱకు వివాహమాడరాదు. పండుగలలో నామె లేని లోటు మూడుమాఱులు తెలిసి రావలెనని కాబోలును. బిడ్డలు లేనివానికిని, పసిబిడ్డలను జూచువారు లేనివానికిని మినహాయింపు కలదు. యోసేపు అనియే పేరుగల యొక యాజకుడు, భార్యను సమాధిచేసిన చోటనే ఆమె సోదరిని బిలిచి, పోయి నీ యక్క బిడ్డలను జూడుమని కోరెనట. అయినను చాలకాలము ఆమెతో సంసారము చేయలేదట. వితంతువు తొంబది దినములు వేచియుండిన జాలును. అదియు గర్భస్థశిశువు తండ్రి యెవరో సందేహము లేకుండుటకు. చంటిబిడ్డ తల్లియైనచో బిడ్డకు రెండేండ్లు నిండువఱకు.

వారి ధర్మము దోషరహితమని నేననను. భర్త యేమయ్యెనో తెలియని స్త్రీ వారిలో బంధింపబడినదై యుండును. మరణమునకు సాక్ష్యము లేనిది ఆమెకు విడుదల లేదు. ఆ బాధను ఎఱిగియే ఇతర విషయములలో ఇద్దఱు సాక్షులు కావలసియుండగా దీనికి ఒక్క సాక్షి చాలునని పండితులు సడలించిరి. అయినను కొందఱు స్త్రీలు ఈనాటికిని ఆ బంధమున జిక్కుకొనుచున్నారు. యాకోబు ఓదార్పు నొందకపోవుటను గవులు పాడుదురు. అదే స్థితిలోని స్త్రీని శాస్త్రము కట్టివేయును. ఈ వ్యత్యాసమును నేను క్షమింపజాలను.

ఎఫ్రాయిము పేరు తెలుగుదేశమునకును వచ్చియున్నది. గుంటూరుజిల్లా చేబ్రోలు ప్రాంతమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున కొన్ని మాదిగకుటుంబములు, మునుపు క్రైస్తవులై యుండి, తాము ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొని యూదాచారముల నవలంబించిరి. 1991లో ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనిరి. వీరు బెనే ఎఫ్రాయిము అని, అనగా ఎఫ్రాయిము పుత్రులని పిలువబడుదురు. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ అను విద్వాంసులు వీరిని గూర్చి 2013లో ఒక గ్రంథమును ప్రకటించిరి. క్రీస్తుపూర్వము 722 ప్రాంతమున అస్సూరులచే జెదరగొట్టబడిన ఉత్తరరాజ్యమున ఎఫ్రాయిము గోత్రము ప్రధానమైనది. ఆ చెదరినవారు కృష్ణాతీరమువఱకు వచ్చిరా యను చరిత్రప్రశ్నను నేను తీర్పరిగా నెత్తుకొనను. నాకు దోచునది వేఱు. ఊరివెలుపల నిలుపబడి, నీ తాత యెవడని యడుగబడని జనము, తమకు మునుపెన్నడో పోయిన తండ్రి యొకడు కలడని, ఆయన తమను లెక్కలోనికి దీసికొనునని విశ్వసించుటలో నవ్వదగిన దేమున్నది? మనము గోత్రప్రవరలు చెప్పుకొనునప్పు డెవ్వరైన సాక్ష్యము నడిగిరా?

లెక్కలోనికి దీసికొనుటయే యీ కథలో తరువాతి ఘట్టము. చూపు మందగించి మంచమెక్కిన యాకోబు మనుమల నిద్దఱిని దగ్గఱకు రప్పించుకొని, పరదేశమున పరదేశీయురాలికి బుట్టిన యీ బాలురు రూబేను, షిమ్యోనులవలెనే నావారు అని ప్రకటించెను. నీ ముఖమునే చూతునని తలపలేదు, నీ బిడ్డలనుకూడ జూచితినని యోసేపుతో ననెను. ఆసెనతును గూర్చియు నొక పాతకథ కలదు. ఆమె యాజకుని సొంతకూతురు కాదనియు, అవమానింపబడిన దీనాకు బుట్టి యింటినుండి వెడలగొట్టబడిన శిశువే దైవవశమున ఐగుప్తు చేరి యోసేపునకు భార్య యయ్యెననియు రబ్బీ ఎలియెజెరు పేరిటి గ్రంథము చెప్పును. దీనా యాకోబు కుమార్తె. అనగా యాకోబు తన మనుమలను దీవించునప్పుడు, వెళ్లగొట్టిన మనుమరాలి బిడ్డలనే తెలియక దీవించెను. ఇది చరిత్ర కాకపోవచ్చును. అన్యజాతి స్త్రీని ఇంటికోడలిగా నొప్పుకొనలేని సంకోచమే యీ కథను పుట్టించినదనియు ననవచ్చును. కాని పాఱవేసిన బిడ్డ తిరిగి వచ్చునను నాసను మన పెంటయ్య తల్లికూడ గుర్తుపట్టగలదు. నేటికిని శుక్రవారపు సాయంకాలమున యూదగృహములలో తండ్రి కుమారుల శిరస్సుపై జేతులుంచి, ఎఫ్రాయిము, మనష్షేలవలె నగుదురుగాక యని దీవించును. కడుపున బుట్టిన పండ్రెండుగురిని గాదని పరదేశమున బుట్టిన యిద్దఱిని ఎన్నుకొనుట గమనింపదగినది.

మఱియొక్క కథ చెప్పి విరమించెదను. బేతంచెర్లనుండి బయలుదేఱి బిల్లసర్గము గుహల వైపునకో నాపఱాతి గనుల వైపునకో పోయినవారు గోతులను చూచియుందురు. ఱాయి తీసినపిదప విడువబడిన గోయి వానకు నిండును, ఎండకు నెండును. పశువులు, పిల్లలు పడకుండ జూచుకొనవలసియుండును. యోసేపు పడిన గోతిలో నీరు లేదని గ్రంథము. నీరు లేదు గాని పాములును తేళ్లును కలవని రాషి. తండ్రిని కనానున సమాధిచేసి తిరిగి వచ్చుచు యోసేపు త్రోవ తప్పి ఆ గోతిచెంతకు బోయి లోనికి తొంగి చూచెనని మిద్రాషు చెప్పుచున్నది. మఱచితినని కొడుకునకు బేరిడినవాడు, దాదాపు నలుబదియేండ్ల తరువాత, ఆ త్రోవను మఱవలేదు. అతడు అచ్చట నిలిచి, ఈ స్థలమున నన్ను గాపాడిన దేవునికి స్తోత్రమని పలికెనట. సోదరులు దూరమునుండి చూచిరి. పలికినది వారికి వినబడలేదు. గోతిలోనికి వంగిన వీపు మాత్రము కనబడినది. తండ్రి పోయెను గనుక ఇక పగ దీర్చుకొనునని భయపడి, తండ్రి చెప్పని మాటలను తండ్రి తుదికోరికగా గల్పించి కబురు పంపిరి. ఆ కబురు వినుచు యోసేపు ఏడ్చెను.